ప్రాగ్‌లో మంచు రోజు: 24 గంటల టికెట్, 22 నంబరు ట్రామ్

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి డిసెంబరు, జనవరిల్లో చెక్ దేశపు రాజధాని ప్రాగ్ వెళ్లే జంటలు మొదట కొనాల్సింది ఆ ఊరి 24 గంటల ప్రయాణ టికెట్. ట్రామ్, మెట్రో, సిటీ బస్సు అన్నిటికీ అదొక్కటే చాలు. రెండు స్టాపుల దూరానికి కూడా లెక్క చూసుకోకుండా ఎక్కొచ్చు, దిగొచ్చు. మంచు పడే రోజున ఈ సౌకర్యం విలువ దూరంలో లేదు, వెచ్చదనంలో ఉంది. నలభై నిమిషాలు బయట తిరిగి పాదాలు మొద్దుబారేసరికి, ట్రామ్‌లో పావుగంట కూర్చుంటే మళ్లీ ప్రాణం లేచొస్తుంది. ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. ఆ తగ్గిన అర ఎందుకో కింద చెప్తాం.

ముందు మంచు సంగతి. మన దగ్గర మంచు అంటే సంక్రాంతి ముందు పొలాల మీద దిగేది, ఎండ రాగానే పోయేది. ప్రాగ్‌లో జనవరి వాతావరణం సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగుతుంటుంది. అందుకే ఒకే రోజులో మూడు రకాలు ఎదురవుతాయి. పొద్దున కురిసిన మెత్తటి మంచు మీద కాలు బాగానే పట్టు నిలుస్తుంది. మధ్యాహ్నానికి అది రోడ్ల మీద చల్లిన ఉప్పుతో కలిసి బురదవుతుంది. పొద్దు గుంకాక ఆ నీరే రాళ్ల మీద పలుచని అద్దంలా గడ్డకడుతుంది. జారిపడేది ఎక్కువగా ఈ మూడో దాని మీదే. అక్కడ పొద్దు గుంకేది కూడా తొందరగానే: డిసెంబరు చివర సుమారు 4 గంటలకు, జనవరి చివరికి 5 కావస్తుండగా. కాబట్టి నడక ఎక్కువున్న పనులన్నీ 4 లోపు ముగించుకోవాలి.

టికెట్ మెట్రో స్టేషన్లలోని యంత్రాల దగ్గర కార్డుతో కొనవచ్చు. ట్రామ్‌లలో నారింజ రంగు కార్డు యంత్రాలు కూడా ఉంటాయి. మనిషికొకటి, అంటే జంటకు రెండు. 24 గంటల టికెట్ ధర సుమారు నాలుగు అరగంట టికెట్లంత ఉంటుంది, మంచు రోజున మధ్యాహ్నానికే అన్ని ఎక్కడాలు అయిపోతాయి. స్టేషన్‌లో కొన్న కాగితం టికెట్‌ను మొదటిసారి ఎక్కేటప్పుడు పసుపు రంగు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ఒక్కసారే, మళ్లీ వేయకూడదు. ట్రామ్‌లోని నారింజ యంత్రం ఇచ్చిన టికెట్‌కు మాత్రం సమయం ముందే పడి ఉంటుంది, దానికి ముద్ర అక్కర్లేదు. అక్కడి మెట్రోలో గేట్లు ఉండవు. ఎవరూ ఆపట్లేదు కదా అని ముద్ర లేకుండా లోపలికి వెళ్తే, మామూలు బట్టల్లో ఉన్న తనిఖీదారు బ్యాడ్జి చూపించి అడుగుతాడు. జరిమానా టికెట్ ధరకు ఎన్నో రెట్లు.

ఫోన్ యాప్‌లో కూడా టికెట్ కొనుక్కోవచ్చు గానీ, మంచు రోజుకు కాగితమే మేలు. చలికి ఫోన్ బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. 40 శాతం చూపిస్తున్న ఫోన్ కూడా బయట ఫొటోలు తీస్తుండగా ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఫోన్ ఆరిందంటే టికెట్ లేనట్టే. యాపే కావాలనుకుంటే ఇద్దరి టికెట్లూ ఒకే ఫోన్‌లో పెట్టకండి, ఫోన్‌ను కోటు లోపలి జేబులో ఒంటి వేడి తగిలేలా ఉంచండి, టికెట్ చెల్లుబాటులోకి వచ్చినట్టు తెర మీద కనబడ్డాకే ఎక్కండి. కాగితం టికెట్ తడవకుండా పాస్‌పోర్టు కవరులో దూర్చుకోవాలి.

ఇక 22 నంబరు ట్రామ్. మెట్రో ఎ లైన్‌లో నామ్నేస్తీ మీరు దగ్గర దిగితే పైన ఈ ట్రామ్ దొరుకుతుంది. మన చెవికి ఆ పేరు ఇట్టే నిలిచిపోతుంది, 'మీరు' అంటే వాళ్ల భాషలో 'శాంతి యొక్క' అని. ప్రాగ్‌లో అన్నిటికన్నా లోతైన స్టేషన్ ఇదే, సుమారు 53 మీటర్లు. 87 మీటర్ల ఎస్కలేటర్ మీద పైకి వచ్చే ఆ రెండు నిమిషాల్లో గ్లౌజులు, టోపీ సర్దుకోవచ్చు. బీలా హోరా వైపు వెళ్లే బండి ఎక్కి, కుడి పక్క కిటికీ పట్టుకోండి. జాతీయ రంగశాల దాటి వ్లతావా నది వంతెన మీదికి రాగానే కుడి వైపున చార్లెస్ వంతెన, దాని వెనక కొండ మీద కోట, అన్నీ తెల్లగా కనిపిస్తాయి. ఆ తర్వాత మాలొస్త్రాన్‌స్కా దాటి ఒక పెద్ద వంపు తిరిగి కొండెక్కుతుంది. మొత్తం అరగంట లోపే.

దిగాల్సింది ప్రాజ్‌స్కీ హ్రాద్, అంటే ప్రాగ్ కోట స్టాపులో. ఇంకొంచెం ముందుకు, పొహోర్జెలెత్స్ దాకా వెళ్లి కిందికి నడుచుకుంటూ రమ్మని చాలామంది చెప్తారు. ఎండ రోజుల్లో అది మంచి సలహా. మంచు రోజున మాత్రం వద్దు. ఎక్కే దారి కన్నా దిగే దారి ప్రమాదం, పైగా ఆ దారంతా నున్నగా అరిగిన రాళ్లు. ప్రాజ్‌స్కీ హ్రాద్ నుంచి కోట ఉత్తర ద్వారానికి దాదాపు చదునుగా ఐదు నిమిషాల నడకే. శీతాకాలంలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, కోటలో టికెట్ కొని చూసే కట్టడాలు 9 నుంచి 4 వరకే తెరుస్తారు. అందుకని 9కే చేరాలి. ఆదివారమైతే కోటలోని సెయింట్ వీటస్ చర్చిలోకి మధ్యాహ్నం 12 దాటాకే వెళ్లనిస్తారు. 1344లో మొదలై 1929లో పూర్తయిన ఆ రాతి కట్టడంలో వెచ్చదనం దొరుకుతుందనుకోకండి, లోపల కూడా కోటు విప్పలేరు.

కోట చూశాక మెట్లదారినో, నెరుదొవా వీధి వాలులోనో దిగడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. వచ్చిన స్టాపుకే తిరిగి వెళ్లి, అదే 22 ఎదురు దిశలో ఎక్కి మాలొస్త్రాన్‌స్కే నామ్నేస్తీలో దిగండి. మూడే స్టాపులు. మోకాళ్ల నొప్పులున్న అత్తమామలు వెంట ఉంటే ఈ ఒక్క మలుపుకే టికెట్ డబ్బు గిట్టిపోతుంది. అక్కడినుంచి చార్లెస్ వంతెన ఐదు నిమిషాల దూరం, చదును దారి. 1357లో పునాది పడిన ఈ వంతెన పొడవు 516 మీటర్లు, అటూ ఇటూ 30 విగ్రహాలు. నది మీద గాలికి అడ్డేమీ ఉండదు, థర్మామీటరు చూపే చలికన్నా ఒంటికి తగిలేది ఎక్కువ. చెవులు మూసే టోపీ లేనిదే ఆ 516 మీటర్లు దాటొద్దు, మన మంకీ క్యాప్ దీనికి భేషుగ్గా పనికొస్తుంది. అవతల ఓల్డ్ టౌన్ చౌకులో 1410 నాటి ఖగోళ గడియారం గంట గంటకూ అపొస్తలుల బొమ్మలను చూపిస్తుంది. అరగంట ముందు వెళ్లి నిలబడితే పాదాలు మొద్దుబారడమే మిగులుతుంది, ఐదు నిమిషాల ముందు చాలు.

తక్కువ మార్కు ఎందుకంటే, 22లో పర్యాటకుల రద్దీ ఎక్కువ, జేబుదొంగలకు పేరు మోసింది. మందపాటి కోటు వేసుకున్నప్పుడు పై జేబులో చెయ్యి పడినా ఒంటికి తెలీదు. డబ్బు, పాస్‌పోర్టు లోపలి జిప్పు జేబులోనే ఉండాలి. కొన్నిసార్లు పాత టాత్రా బండ్లు వస్తాయి, వాటి మెట్లు ఎత్తు, పైగా తడి. పెద్దవాళ్లుంటే మెట్లు లేకుండా తక్కువ ఎత్తులో ఉండే కొత్త బండి కోసం ఆగడం మంచిది, స్టాపులోని టైమ్‌టేబుల్‌లో చక్రాల కుర్చీ గుర్తు ఉన్నవి అవే. తలుపులు కొన్నిసార్లు వాటంతటవి తెరుచుకోవు, పక్కనున్న బటన్ నొక్కాలి. ఇంకోటి ముఖ్యం: జీబ్రా గీతల మీద కూడా ట్రామ్‌కే ముందు హక్కు. మంచు పట్టాల చప్పుడు మింగేస్తుంది, బండి దగ్గరికొచ్చేదాకా వినబడదు.

రోడ్డు మీద ఎర్రతెలుపు రిబ్బను కట్టి 'పొజోర్, పదా స్నీహ్' అని రాసి ఉంటే ఆగండి. మన 'పదా' అనుకుని ముందుకు కదలకూడదు. 'జాగ్రత్త, మంచు పడుతోంది' అని దానర్థం, పైకప్పు నుంచి గడ్డలు రాలుతుంటాయి.

ఎంత మంచి టికెట్ అయినా తడిసిన పాదాన్ని కాపాడలేదు. ఇక్కడినుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా స్పోర్ట్స్ షూ, నూలు సాక్సులతో వెళ్తారు. షూ పైనున్న జాలీ గుడ్డలోంచి బురద మంచు లోపలికి దిగుతుంది, నూలు దాన్ని పీల్చుకుని వదలదు. పొందూరు ఖద్దరు మనకెంత ప్రియమైనదైనా మంచు రోజున ఒంటికి ఆనించుకోవాల్సింది అది కాదు. నూలు చెమటను పట్టుకుని ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, మధ్యలో స్వెటర్, పైన గాలీ నీరూ దూరని కోటు. సీజన్‌లో మన రోడ్ల పక్కన అమ్మే స్వెటర్ మధ్య పొరకు సరిపోతుంది, పై పొరకు పనికిరాదు. షూ విశాఖలో ట్రెక్కింగ్ సామాను అమ్మే చోట చూసుకోవాలి: నీరు చొరనిది, చీలమండ దాటేది, మెత్తటి రబ్బరు సోల్, లోతైన గాళ్లు. ఉన్ని సాక్సు వేసుకునే కొలత చూడండి, సాయంత్రం పూట చూస్తే ఇంకా మంచిది. వేళ్లు లోపల ఆడాలి. రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. సంచిలో ఒక పొడి జత మనిషికొకటి పెట్టుకుని మధ్యాహ్నం మార్చుకోండి. చీర అంచు బురదలో నానుతుంది, ఆ ఒక్క రోజుకు ఉన్ని లెగ్గింగ్ మీద పొడవు కోటు నయం. పెదవులకు వాజలీన్ తీసుకెళ్లండి, కొబ్బరినూనె అక్కడ సీసాలోనే రాయవుతుంది.

గడ్డకట్టిన చోట చిన్న అడుగులు, బరువు ముందు పాదం మీద, చేతులు జేబులో పెట్టకుండా నడవాలి. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిస్తే ఒకరు జారితే ఇద్దరూ పడతారు.

తిండి విషయానికి వస్తే, గులాష్, స్వీచ్కొవా రెండూ సాధారణంగా గొడ్డు మాంసంతో చేసేవి, అడక్కుండా తెప్పించుకోకండి. శాకాహారులకు స్మజెనీ సీర్, అంటే వేయించిన చీజ్, దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. బ్రంబొరాచ్కా అనే బంగాళాదుంప సూప్ చలికి చాలా హాయి, కానీ మాంసం నీళ్లతో చేసి ఉండొచ్చు, 'బెజ్ మాసా' అని అడగాలి. స్వర్జాక్ అంటే వేడి ద్రాక్షసారా. పలాస జీడిపప్పు వేయించినవి గుప్పెడు జేబులో ఉంటే నడకలో అక్కరకొస్తాయి. నెయ్యి, పెరుగు, మాంసం పచ్చళ్లు మాత్రం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, విమానాశ్రయంలోనే తీసేస్తారు.

చీకటి పడ్డాక వంతెన మీదికి మళ్లీ వెళ్లకండి. నారొద్నీ దివద్లో, అంటే జాతీయ రంగశాల స్టాపులో 22 ఎక్కి నది దాటితే దీపాల్లో వెలిగే కోట కిటికీలోంచే కనిపిస్తుంది, ఊయెజ్ద్‌లో దిగి అవతలి బండిలో వెనక్కి రావచ్చు. టికెట్ గడువు రోజు మారడంతో అయిపోదు, ముద్ర పడిన సమయం నుంచి 24 గంటలు. ఉదయం 8:30కి ముద్ర వేస్తే మర్నాడు 8:30 దాకా. పొద్దున్నే విమానం ఉంటే మెట్రో ఎ లైన్‌లో నాద్రాజీ వెలెస్లావీన్ వెళ్లి, 59 నంబరు ట్రాలీబస్సులో విమానాశ్రయం చేరడానికి అదే టికెట్ సరిపోతుంది. పెద్ద సూట్‌కేసుకు కూడా విడిగా కట్టక్కర్లేదు.