క్రైస్తవ కౌన్సెలింగ్‌లో పీజీ: పట్టా తీసుకున్న ఇన్నేళ్ళకు నా అనుభవం

సంఘ కాపరిగా ఐదేళ్ళు పనిచేశాక, 2014లో ఒక వేదాంత కళాశాలలో క్రైస్తవ కౌన్సెలింగ్ పీజీలో చేరాను. రెండేళ్ళు చదివి పల్నాడులోని మా సంఘానికే తిరిగి వచ్చాను. సిద్ధాంతాల పేపర్ల గురించి ఇక్కడ రాయను. ఆ చదువులో ఈనాటికీ నాకు రోజూ పనికొస్తున్నది వర్బేటిమ్ ఒక్కటే.

వర్బేటిమ్ అంటే, ఆసుపత్రి వార్డులో రోగితోనో, అతని బంధువులతోనో మాట్లాడి వచ్చిన రాత్రే ఆ సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాటగా, మధ్యలో వచ్చిన మౌనాలతో సహా రాసి, మరునాడు గురువుగారి ముందు, తోటి విద్యార్థుల ముందు చదవాలి. అవతలివారి మాట పూర్తికాకముందే నేను ఎన్నిసార్లు అడ్డుపడుతున్నానో, ఏం చెప్పాలో తోచనప్పుడల్లా ప్రార్థన చేద్దామంటూ ఎలా తప్పుకుంటున్నానో నాకు చూపించినవి ఆ కాగితాలే. ఆ రోజుల్లో కనిపించిన ప్రతి కాపరికీ ఈ కోర్సులో చేరమని చెప్పేవాణ్ణి.

ఇప్పుడైతే ఆ మాటకు కొంత సవరణ చేర్చాలి. మా కళాశాలలో రాతపని అంతా ఇంగ్లీషులోనే సాగేది. ఒకసారి, ప్రాణం తీసుకోబోయి బతికిన కుర్రవాడి తల్లితో మాట్లాడాను (గుర్తుపట్టగల వివరాలు మార్చాను). ఆమె నెల్లూరు వైపు మనిషి. "కడుపు తరుక్కుపోతోంది అయ్యగారూ. వాడు ఇంకొక్కసారి అడిగుంటే ఇచ్చేదాన్ని గదయ్యా" అంది. ఆమె చాలా బాధలో ఉందని, తనను తాను నిందించుకుంటోందని నేను ఇంగ్లీషులో రాసుకుపోయాను. దానికి మంచి మార్కులే పడ్డాయి.

చివరి సెమిస్టరులో తెలుగు తెలిసిన ఒక అధ్యాపకురాలు వచ్చి, ఆ సంభాషణను ఆ తల్లి మాటల్లోనే, తెలుగులో, మళ్ళీ రాసుకురమ్మన్నారు. రాసుకువెళ్ళి చదువుతుంటే "ఇంకొక్కసారి అడిగుంటే" దగ్గర ఆపి, "వాడు ఏం అడిగాడమ్మా అని మీరు ఎందుకు అడగలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి తలుపు తెరిచి నిలబడితే, నేను గుమ్మంలోనే కీర్తన చదివి వచ్చేశానని అప్పుడు తెలిసింది. నా ఇంగ్లీషు రాతలో ఆ 'ఇంకొక్కసారి' అసలు లేనే లేదు.

ఆసుపత్రిలో రోగుల మధ్య కాపరులకు ఇచ్చే ఈ శిక్షణకు ఆద్యుల్లో ఒకరైన ఆంటన్ బోయిసెన్ స్వయంగా మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉండి కోలుకున్న పాస్టరు. 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక ఆసుపత్రికి వేదాంత విద్యార్థులను తీసుకువెళ్ళి, బాధపడే మనుషులను సజీవ పత్రాలుగా చదవమన్నాడు. తెలుగులో ఉన్న పత్రాన్ని మాచేత అనువాదంలో ఎందుకు చదివించారన్నదే మా కళాశాల మీద నాకు నేటికీ తీరని ఫిర్యాదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ పట్టాతో క్లినికల్ సైకాలజిస్టులం కాము. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, నమోదు వేరే ఉన్నాయి. వైద్యం అవసరమైనవారిని ఉపవాస ప్రార్థనల దగ్గరే ఆపకుండా డాక్టరు దగ్గరికి పంపడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వడం కూడా కాపరి పనేనని నేను గట్టిగా నమ్ముతాను.

చేరవచ్చా అని అడిగే తమ్ముళ్ళకు సూటిగా అవునని చెప్పలేను. నా భార్యకు టీచరు జీతం ఉండటంవల్ల రెండేళ్ళు ఇల్లు గడిచింది. మాది అరవై కుటుంబాల సంఘం కాబట్టి ఒక్కొక్కరి దగ్గర గంటసేపు కూర్చోగలుగుతున్నాను. ఈ రెండూ లేనివారికి లెక్క వేరుగా ఉండవచ్చు. చేరేముందు మాత్రం, వర్బేటిమ్ తెలుగులో రాయనిస్తారా, దాన్ని చదివి సరిదిద్దగలిగినవారు ఉన్నారా అని అడగండి.

పట్టా వచ్చాక నా రాతలు చదివేవారు లేకుండా పోయారు. కొన్నాళ్ళు రాయడమే మానేశాను. ఇప్పుడు పక్క మండలంలోని ఒక కాపరి, నేను సోమవారాల్లో కలుసుకుని, పేర్లు లేకుండా రాసుకున్న కాగితాలు ఒకరివి ఒకరం చదివి, తర్వాత చించేస్తున్నాం.