శివశంకరీ, మీరజాలగలడా

విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల, సుశీలల గొంతుల్లో పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో వచ్చిన రెండు సినిమా పాటలు మా ఇంట్లో వేర్వేరు వేళలకు చెందినవి. 1961 నాటి ‘జగదేకవీరుని కథ’లో ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ దర్బారీ కానడ రాగంలో నెమ్మదిగా మొదలై స్వరాల వేగాన్ని అందుకునేసరికి మా నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, తొడమీద తాళం వేస్తూ కళ్లు మూసుకునేవారు; ఆ పాట వినడానికి నాకిప్పటికీ ఇంట్లో ఎవరూ మాట్లాడని సమయం కావాలి. 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లోని ‘మీరజాలగలడా’కు అలాంటి ఏర్పాటేమీ అక్కరలేదు. సత్యభామ ధీమాను సుశీల ఎంతో సునాయాసంగా పలికించిన ఆ పాట వింటూ మా అమ్మ, గంటస్తంభం దగ్గర కొన్న కనకాంబరాలను మాల కట్టేది. ‘నా యానతి’ దగ్గర దారం ఆపి తానూ గొంతు కలిపేది. విద్వత్తులో మొదటిదే గొప్పదని ఒప్పుకుంటాను గాని, మనసు బాగోలేని రోజున నేను పెట్టుకునేది రెండోదే.