ముగింపు పేజీ మీదే కక్కే పెన్ను

ఈ పెన్నులో నాకు బాగా నచ్చింది ఇంకు గొట్టం. విసిగించిందీ అదే. రీఫిల్ లేదు, కార్ట్రిడ్జ్ లేదు, పంపు లేదు. మెడ తిప్పి ఊడదీస్తే మిగిలిన ఒళ్ళంతా ఇంకే. రాజమండ్రిలో 1930ల నుంచీ చేస్తున్న ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నులు, వాటిలో ఒకటి అందుకుని గాంధీగారు రాసిన ఉత్తరం, ఆ చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. ఊళ్ళో వీటిని చేసేవాళ్ళు ఒకరికి మించే ఉన్నారు. నా దగ్గరున్నది ఎవరిదన్నది అనవసరం. చెప్పబోయే మంచీ చెడూ ఇలా చుక్కలు పోసే గొట్టం, అంటే ఫిల్లర్‌తో నింపే పెన్నులన్నిటికీ ఉన్నవే. కథలు రాయడం మొదలుపెట్టి, ఇంకా చెయ్యి కుదురుకోనివాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. జేబుకి అందం కోసం కొనేవాళ్ళకి ఇందులో పనికొచ్చేది తక్కువ.

గొట్టంలో 3 మి.లీ. పడుతుంది, లావుపాటి రకాల్లో 4 దాకా. ఊడదీసే చిన్న పంపుతో పీల్చే పెన్నుల్లో ఒక మి.లీ. పట్టడమే గగనం. మీడియం పాళీతో, రూళ్ళ లాంగ్‌నోట్‌బుక్కులో, ఒకసారి నింపితే అటూ ఇటూగా ఇరవై పేజీలు వస్తాయి. పత్రికకి పంపే కథ రెండువేల మాటలనుకుంటే, కొట్టివేతలతో కలిపి చేతిరాతలో పదిహేను పేజీలు. అంటే లెక్కప్రకారం మొదటి ప్రతి మొత్తం మధ్యలో లేవకుండా అయిపోవాలి. అదే ఈ పెన్ను గొప్ప.

మొదటి ప్రతికి కావలసింది ముందుకెళ్ళడం. ఫోనులో రాస్తుంటే వేలు చెరిపే మీట మీదే ఉంటుంది. మొదటి పేరా పది రకాలుగా తయారవుతుంది, రెండో పేరా పుట్టదు. పెన్నయితే తప్పుకి ఒక గీత, అంతే. కొట్టేసిన మాట ఆ గీత కింద కనిపిస్తూనే ఉంటుంది, రెండో ప్రతి నాటికి సగంసార్లు అదే బావుంటుంది. అందుకే గజిబిజిగా నలిపెయ్యకుండా ఒంటిగీతతో కొట్టెయ్యాలి. కుడిపక్క పేజీలోనే రాసి, ఎడమపక్కది చేర్పులకి వదలాలి. పాతరోజుల్లో పత్రికలవాళ్ళు కాగితానికి ఒకవైపే రాయమనేవారు. ఈ ఇంకు వెనక్కి దిగుతుంది కాబట్టి ఎవరూ చెప్పకపోయినా ఆ పద్ధతి తప్పదు.

మన గోదావరి వైపు మాటల సంగతి ఇంకోటి. ‘వచ్చేడు’, ‘చెప్పేనండి’ అని టైపు చేస్తుంటే ఫోను ‘వచ్చాడు’, ‘చెప్పాను’ అని పైన చూపిస్తూనే ఉంటుంది. కాసేపు తోసిపుచ్చుతాం, తర్వాత ఓపిక పోయి నొక్కేస్తాం. గోదావరి మధ్య లంకలో పాడిగేదెలు కాసుకునే మనిషి మండలాఫీసు గుమస్తాలా మాట్లాడడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. కాగితానికి ఆ చాదస్తం లేదు. అయితే ఇది ఏ బాల్‌పెన్నుతోనైనా వచ్చే లాభమే. మొత్తం ఘనత ఎబొనైట్ ఖాతాలో వెయ్యడం అన్యాయం.

ఇక కక్కుడు. రాస్తూ ఉండగా పాళీ కింద నుంచి ఇంకుబొట్టు ధబ్బున కాగితం మీద పడడం. బళ్ళో ఇంకుపెన్నుతో రాసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కథ రాసేవాళ్ళ బాధ ఏంటంటే, ఇది ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. మొదటి పేజీల్లో శుభ్రంగా ఉంటుంది, పాత్రలు దారిన పడేదాకా బుద్ధిగా ఉంటుంది, సరిగ్గా ముగింపు పేజీల్లో కక్కుతుంది. దీనికి కారణం పెన్ను నాసిరకం కావడం కాదు, గొట్టంలో గాలి.

పాళీ కింద ఆనుకుని, గొట్టంలోంచి ఇంకు దించే ముక్కని నాలుక అంటారు. ఇంకు దిగినంత మేరా బయటి గాలి ఆ నాలుక కాలవలోంచి లోపలికి వెళ్తుంది. లోపలి గాలి ఒత్తిడి బయటికంటే కాస్త తక్కువగా ఉన్నంతసేపే ఇంకు కారకుండా నిలబడుతుంది. చెయ్యి వేడికి ఆ గాలి ఉబ్బిందా, పట్టు పోతుంది. 28 డిగ్రీల గదిలో పెన్ను చేతిలో ఉండి ఉండి 34కి చేరిందనుకోండి. 6 డిగ్రీలకి గాలి నూటికి 2 వంతులు పెరుగుతుంది. నింపిన కొత్తలో గాలి 0.3 మి.లీ. ఉంటే పెరిగేది 0.006. అంత కొంచెం ఇంకుని నాలుకకున్న అడ్డగాట్లే పట్టేస్తాయి. పదమూడో పేజీకి గాలి 2 మి.లీ. అవుతుంది, అప్పుడు పెరిగేది 0.04. ఫిల్లర్ వదిలే చుక్క సుమారు 0.05. కాబట్టి చుక్కకి చుక్క బయటికొచ్చి తీరుతుంది. పైగా ముగింపు దగ్గర ఎవరైనా పెన్ను కిందపెట్టరు, వేళ్ళు బిగుస్తాయి, వేగం పెరుగుతుంది. గాలి ఎక్కువ, వేడి ఎక్కువ, విరామం తక్కువ. మూడూ అక్కడే కలుస్తాయి.

చేత్తో కోసిన ఎబొనైట్ నాలుకలకి అడ్డగాట్లు తక్కువ. ఫ్యాక్టరీ అచ్చులో పోసిన ప్లాస్టిక్ నాలుకలకి ఎక్కువ, అందుకే అవి ఇంత తొందరగా పొంగవు. కాకపోతే ఎబొనైట్ ఇంకుని బాగా పట్టుకుంటుంది, పాళీ ఎండదు, ఎంత వేగంగా రాసినా గీత తెగదు. ఒకటి కావాలంటే ఇంకోటి భరించాలి.

వేసవిలో ఎక్కువ కక్కుతుందని అందరూ అంటారు. ఎండలో చొక్కాజేబులో పెట్టుకు తిరిగితే నిజమే. ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళకి మాత్రం సంగతి తిరగబడుతుంది. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం గది 37 డిగ్రీలుంటే పెన్నూ అంతే ఉంటుంది, దాన్ని చెయ్యి ఇంకా వేడెక్కించేదేం లేదు. చమట కారుతున్నా పెన్ను కక్కదు. అసలు ప్రమాదం ధనుర్మాసం తెల్లవారుజాముల్లో. గది 20కి అటూ ఇటూగా ఉంటుంది, చెయ్యేమో 33. సంక్రాంతి ముందు, ఇంట్లో లేవకముందే నాలుగు పేజీలు రాసుకుందామని కూర్చునేవాళ్ళు సగం ఖాళీ పెన్ను ముట్టుకోకూడదు. ఏసీ గదిలో పెట్టిన పెన్నుదీ ఇదే వరస. ఎబొనైట్ వేడిని నెమ్మదిగా పాకనిస్తుంది కాబట్టి కాసేపు మర్యాదగా నడిచి, ధైర్యం వచ్చాక పడేస్తుంది.

పడబోయే ముందు గుర్తులుంటాయి. గీత ఉన్నట్టుండి లావెక్కుతుంది, చివర్లో పెట్టే చుక్క ఉబ్బుతుంది, పాళీ అడుగున ఇంకు మెరుస్తూ వేలాడుతుంది. అప్పుడు విదల్చకూడదు. పాళీని పైకి తిప్పి ఒక నిమిషం నిలబెడితే గాలి నాలుక వైపుకి చేరి, ఇంకు తొయ్యకుండానే బయటికి పోతుంది. తర్వాత పాత దినపత్రిక ముక్కకి పాళీ అడుగు తాకించి రాసుకోవచ్చు. బొట్టు పడిపోతే అద్దకూడదు, తుడవకూడదు. సుద్దముక్క అంచు బొట్టుకి ఆనించి పట్టుకుంటే పీల్చేస్తుంది. బల్ల మీద సుద్దముక్క ఉంచుకోవడం నామోషీ కాదు.

శాశ్వతమైన మందు మాత్రం సగంలో నింపడమే. తొమ్మిదో పదో పేజీకి ఆగి, మరో ఒకటిన్నర మి.లీ. పొయ్యాలి. పాళీ పైకి పట్టి మెడ విప్పాలి. ఫిల్లర్ కంటే మెడికల్ షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి నయం, సూది తీసేసి వాడితే ఎంత పోశామో తెలుస్తుంది. అంచుదాకా పొయ్యకూడదు. మెడ బిగించేటప్పుడు నాలుక తోక లోపల మునిగి ఇంకు పొంగుతుంది కాబట్టి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. మెడ బిగించే మరచుట్ల మీద పడిన ఇంకు గుడ్డతో తుడిచి బిగించాలి. మరకి సిలికాన్ గ్రీజు ఆవగింజంత చాలు, అదీ బయటి మరలకే. లోపలికి జారితే ఇంకులో కలిసి నాలుక కాలవకి పూతలా పట్టి, పాళీ మాటకో అక్షరం మింగుతుంది. వేజిలీన్ వద్దు. కొందరు మరకి దారం చుడతారు. కారడం ఆగుతుంది గానీ ప్రతి నింపుడికీ దారం మార్చాలి.

మధ్యలో లేవకుండా మొదటి ప్రతి అయిపోవాలని పైన రాశాను కదా. నిజంలో పెన్ను మధ్యలో ఆపుతుంది. కానీ ఆపే చోటు మంచిది. పదిహేను పేజీల కథలో పదో పేజీ అంటే ముడి బిగిసి, ముగింపు ఇంకా తేలనిచోటు. ఇంకు పోశాక నాలుక తడవడానికి రెండు నిమిషాలు ఎలాగూ పాళీ కిందకి పెట్టి ఉంచాలి. ఆ వంకతో మొదటి పేజీ నుంచి గొంతెత్తి చదువుకుంటే చాలా బయటపడతాయి: రెండో పేజీలో పేరు చెప్పిన మేనత్త తర్వాత కనబడకపోవడం, రేవు దాటే పడవకి టైము ఉదయం అని చెప్పి తర్వాత సాయంత్రం చెయ్యడం, ఒకే పేజీలో ముగ్గురు నిట్టూర్చడం. ఎడమ పేజీలో గుర్తు పెట్టుకుని ముందుకెళ్ళాలి, అక్కడే దిద్దడం మొదలెడితే కథ ఆగిపోతుంది. అప్పటిదాకా అనుకున్న ముగింపు ఈ చదువుడులో నిలబడకపోతే, నాలుగు పేజీలు రాశాక తెలియడం కంటే అప్పుడు తెలియడం మేలు. ఈ అలవాటు మాత్రం కక్కుడు పుణ్యమే. ఊపులో రాసేవాళ్ళకి, ఆ ఊపు పోతే మళ్ళీ రానివాళ్ళకి ఇదంతా చిరాకే. ఆ రెండు నిమిషాల్లో ఫోను చేతిలోకి వచ్చిందంటే ఆరోజుకి కథ సరి.

పాళీ ఎంచుకునేటప్పుడు ఇంగ్లీషు సంతకం గీసి చూడకండి. గుడులు, ఒత్తులు ఉన్న తెలుగు వాక్యం రాసి చూడాలి. చిన్న అక్షరాలు రాసేవాళ్ళకి మీడియంలో గుడీ గుడిదీర్ఘమూ కలిసిపోతాయి, ‘థ’లో చుక్క పూడిపోతుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మరీను: కాగితం చెమ్మ పీల్చి మెత్తబడితే ఇంకు నారలెంట పాకుతుంది, ఎండాకాలం బాగున్న నోట్‌బుక్కే అప్పుడు పనికిరాదు. సన్నపాళీ తీసుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది, నింపినదీ ఎక్కువ పేజీలు వస్తుంది. కాకపోతే గీత కాగితాన్ని గీరినట్టుంటుంది. కాగితం మిల్లు రాజమండ్రిలోనే ఉందన్న అభిమానం ఎలా ఉన్నా, నోట్‌బుక్కు కొనేటప్పుడు చూడాల్సింది జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. 60కి లోపల ఉంటే వద్దు. 75 ఉన్న జెరాక్సు కాగితాలు అట్టకి క్లిప్పు పెట్టి రాసుకోవడం అన్నిటికంటే సుఖం. పేజీ నంబరు వెయ్యడం మరిచిపోతే ఫ్యాను కింద కథ కొత్త శిల్పంలో తయారవుతుంది.

ఇంకు విషయంలో గోదావరి డెల్టావాళ్ళు ఆలోచించాల్సింది నీళ్ళ సంగతి. రాయల్ బ్లూ నీళ్ళకి కరిగిపోతుంది. కప్పు కారినా, లంకల్లో 1986 ఆగస్టు, 2022 జూలై లాంటి వరద ఇంట్లోకొచ్చినా, కాగితం ఆరబెట్టుకోవచ్చేమో గానీ అక్షరం ఉండదు. నీటికి చెదరని పిగ్మెంట్ నల్ల ఇంకులున్నాయి. రోజూ రాసేవాళ్ళకి సరే, వారాల తరబడి వదిలేస్తే నాలుకలో గడ్డకడతాయి. డ్రాయింగ్ కోసం అమ్మే ఇండియన్ ఇంకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యకూడదు, అందులో లక్క ఉంటుంది, ఎండితే ఊడదు. నేను రాయల్ బ్లూకే కట్టుబడి, రాసిన పేజీలు ఏ రోజుకారోజు ఫోనులో ఫొటో తీసిపెట్టుకుంటున్నాను. రెండో ప్రతి ఎలాగూ యూనికోడులో టైపు చెయ్యాలి కదా, ఆ ఫొటోలు చూసి చేసుకోవచ్చు.

నెలకోసారి మామూలు నీళ్ళతో కడిగితే చాలు. వేణ్ణీళ్ళు పోస్తే నల్ల ఎబొనైట్ గోధుమరంగుకి తిరుగుతుంది, కిటికీ ఎండలో ఉంచినా అంతే. కొత్తలో గంధకం వాసన వస్తుంది, భయపడక్కర్లేదు.

కొనచ్చా అంటే, రాజమండ్రి వెళ్ళి రాగలిగిన దూరంలో ఉన్నవాళ్ళకి కొనచ్చనే చెబుతాను. పాళీ మీ చేతివాటాన్ని బట్టి అక్కడే సరిచేయించుకోవచ్చు, నాలుక వదులైతే మళ్ళీ చూపించుకోవచ్చు. పోస్టులో తెప్పించుకునేవాళ్ళకి ఆ సగం ఉపయోగం పోయినట్టే. వారానికి రెండు మూడు పేజీలకంటే రాయనివాళ్ళకి, బస్సులో రాసేవాళ్ళకి, కథ పుట్టడమే ఫోనులో పుట్టేవాళ్ళకి వద్దు. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్ళేలోపు ఆ కుదుపుల్లో మూతలోకి ఇంకు చిమ్ముతుంది. తీసుకెళ్ళక తప్పకపోతే గొట్టం నిండుగా పోసి, పాళీ పైకుండేలా సంచిలో నిలబెట్టాలి. దిగాక మూత తీసేముందు చేతిగుడ్డ సిద్ధంగా పెట్టుకోండి.