చెన్నైలో ఒక్కరోజు: ఎగ్మోర్‌లో అమరావతి, ఎండలో మెరీనా

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లవారుజామున ఐదింటికి చెన్నై సెంట్రల్‌లో దిగాం. అమ్మ, నాన్న, నేను, తొమ్మిదేళ్ల మా అబ్బాయి. తిరుగు రైలు అదే రాత్రి పదిన్నరకి. ఈలోపు ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం, మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి, మెరీనా బీచ్, టి.నగర్ బజారు అన్నీ చూసేయాలని నా ప్లాను. నాన్నకి డెబ్బై రెండేళ్లు. ఆయన మోకాళ్ల సంగతి నేను ముందే ఆలోచించాల్సింది.

పెరియమేట్‌లో ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో 24 గంటల చెకౌట్ అన్నవాళ్లు, కౌంటర్ దగ్గరకొచ్చేసరికి మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలన్నారు. సాయంత్రం దాకా సామాను ఉంచుకోవాలంటే ఇంకో సగం రోజు అద్దె. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లొచ్చాయి, కానీ లిఫ్టు లేదు. రెండో అంతస్తు ఎక్కేసరికే నాన్న ఆయాసపడ్డారు. స్నానాలయ్యాక సామాను స్టేషన్ క్లోక్‌రూములో పెట్టేసుంటే ఆ అద్దె మిగిలేది. బ్యాగులకి తాళాలు మాత్రం తప్పనిసరి.

సెంట్రల్ నుంచి ఎగ్మోర్‌కి మెట్రోలో ఒక్కటే స్టాపు. లిఫ్టు, ఏసీ, కూర్చోడానికి చోటు. రోజు మొత్తంలో పెద్దవాళ్లకి సుఖంగా సాగిన ప్రయాణం అదొక్కటే. మ్యూజియం తొమ్మిదిన్నరకి తెరుస్తారు. శుక్రవారం సెలవు.

1851లో మొదలైన మ్యూజియం ఇది. అందరూ కంచు విగ్రహాల కోసం వస్తారు. తిరువాలంగాడు నటరాజు ఇక్కడే ఉన్నాడు, తప్పకుండా చూడాలి. కానీ మమ్మల్ని కట్టిపడేసింది అమరావతి గ్యాలరీ. మన స్తూపం రాళ్లు! 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకి పంపాడు. వాటిలో కొన్నిటిని 1859లో లండన్‌కి పంపేశారు, మిగతావి ఇక్కడే ఉండిపోయాయి. పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఒక గుండ్రటి ఫలకం ముందు నాన్న అరగంట నిలబడ్డారు. ఎడమవైపు బుద్ధుడి కథలోని నలగిరి ఏనుగు మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తోంది. ఒకణ్ని తొండంతో కాలు పట్టి ఈడుస్తోంది. మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. రెండు ఘట్టాలూ ఒకే వృత్తంలో! మా అబ్బాయి "రెండు ఏనుగులా?" అనడిగితే నాన్న వేలితో గాల్లో గీస్తూ కథంతా చెప్పారు. "కృష్ణ ఒడ్డున పుట్టి ఇవి చూడ్డానికి ఇంత దూరం రావాల్సొచ్చిందమ్మాయ్" అన్నారు నాతో. ఆయన గొంతు వణికింది. ఇంకా సగం గ్యాలరీ మిగిలుండగానే, గుడికి ఆలస్యమవుతోందని నేనే బయల్దేరదీశాను.

తీరా ఆటోలో మైలాపూరు చేరేసరికి పన్నెండు ముప్పావు. గుడి మూసేశారు, మళ్లీ సాయంత్రం నాలుగింటికే. ఎక్కేముందు అడిగితే తెరిచే ఉంటుందన్నాడు ఆటో అతను. మాడవీధిలో భోజనం చేశాక, టైమ్ ఉంది కదా అని ఏప్రిల్ ఎండలో రెండింటికి మెరీనాకి తీసుకెళ్లాను. అది నా తప్పే. అక్కడ రోడ్డుకీ నీళ్లకీ మధ్య ఇసుక చాలా దూరం. సగం దూరం వెళ్లేసరికి అమ్మ చెప్పుల్లోకి వేడి ఇసుక పోయి పాదాలు చుర్రుమన్నాయి. పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు. నీళ్లు ముట్టుకోకుండానే వెనక్కొచ్చాం. మెరీనాకి పొద్దున్నే గానీ పొద్దు వాలాక గానీ వెళ్లాలి.

రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములు స్మారక భవనం నా జాబితాలో లేదు, నాన్న అడిగారు. ఆంధ్ర రాష్ట్రం కోసం శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15 రాత్రి కన్నుమూసింది ఈ ఇంట్లోనే. అప్పుడది స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. నాన్న గేటు దగ్గరే చెప్పులు విప్పేశారు. బయట బస్సుల రొద, లోపల మేం నలుగురమే. చెన్నై వెళ్లే తెలుగువాళ్లు పది నిమిషాలైనా ఇక్కడ ఆగాలని నా కోరిక.

నాలుగున్నరకి గుడిలో దర్శనం తేలిగ్గానే అయింది. పూలమ్మే ఆవిడ మాతో తెలుగులోనే మాట్లాడింది. కోనేటి వైపు గాలికి కూర్చుంటే అమ్మకి ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఉండిపోవాల్సింది. టి.నగర్ రంగనాథన్ వీధి జనంలో గంటసేపు నలిగి రెండు చీరలు కొన్నాం, అంతకంటే ఏమీ లేదు. టి.నగర్ అంటే త్యాగరాయ నగర్, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి పేరు మీద వెలిసిన పేట అని పిల్లాడికి చెప్దామనుకున్నాను, వాడు నా భుజం మీద నిద్రపోయాడు. మాంబళంలో లోకల్ రైలెక్కి పార్క్ స్టేషన్లో దిగితే ఎదురుగా సెంట్రల్. ఆ వేళప్పుడు ఆటో కంటే అదే నయం.

డిసెంబర్లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి రెండు రోజులు, గది మైలాపూరులోనే. మిగిలిన రాళ్లు చూడాలి, శుక్రవారం రాకుండా చూసి టికెట్లు తియ్యమన్నారు నాన్న.