ఉచిత వంట శిక్షణ: ఎనిమిది వారాల హోటల్ కోర్సా, పది రోజుల బ్యాంకు శిక్షణా?

పోయిన వేసవిలో మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, పైసా తీసుకోకుండా వంట నేర్పించి పనిలో పెట్టిస్తారంట గదా, నాకెక్కడన్నా చూడవా?" అని అడిగింది. దాని వయసు 36. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. భర్త పోయి రెండేళ్లయింది. ఇద్దరు పిల్లలతో మిర్యాలగూడ దగ్గర పల్లెలో ఉంటుంది. అదే నెలలో మా అన్నయ్య కొడుకు కూడా ఇదే మాట అడిగాడు. వాడికి 22, ఇంటర్ తప్పాడు, రెండేళ్లుగా ఖాళీ. ఇద్దరికీ ఒకటే చెబుదామని వివరాలు కనుక్కోవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే వాడికి పనికొచ్చేది దానికి పనికిరాదు.

మొదట చూసింది కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో మొదలుపెట్టిన 'హునర్ సే రోజ్‌గార్ తక్'. హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్నటువంటి హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్లలో నేర్పే కోర్సు ఇది. వంటకి ఎనిమిది వారాలు, వడ్డనకి ఆరు వారాలు. ఫీజు లేదు. హాజరు సరిగ్గా ఉంటే వంట కోర్సుకి 2,000 రూపాయలు, వడ్డన కోర్సుకి 1,500 స్టైపెండ్ అని నిబంధనల్లో పెట్టారు. డిగ్రీ పిల్లలు నేర్చుకునే వంటగదుల్లోనే, వాళ్లకి చెప్పే మాస్టర్ల దగ్గరే నేర్చుకోవచ్చు. కత్తి పట్టడం, కూరగాయలు ఒకే కొలతలో తరగడం, పచ్చి మాంసం పలక మీద వండినది పెట్టకపోవడం, గంటల తరబడి నిలబడి పనిచేయడం. ఇవన్నీ ఇంట్లో ఎవరూ నేర్పరు. సర్టిఫికెట్ మీద ఆ సంస్థ పేరు ఉంటే హోటల్ వాళ్లు కనీసం లోపలికి పిలిచి మాట్లాడతారు. మా వాడికి ఇది సరిగ్గా సరిపోతుంది.

మా చెల్లికి మాత్రం మొదటి గీత దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, వయసు 18 నుంచి 28 మధ్య ఉండాలి. నన్ను బాగా బాధపెట్టింది ఈ వయసు గీతే. పని దొరక్క నిజంగా అల్లాడేవాళ్లలో 28 దాటినవాళ్లు ఎంతమంది! భర్త పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక మొదటిసారి బయటికి రాగలిగినవాళ్లు. పోనీ వయసు కలిసిందే అనుకుందాం. పెద్ద హోటళ్లలో బ్రేక్ షిఫ్ట్ ఉంటుంది. పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనాల దాకా చేసి, కొన్ని గంటలు ఆగి, మళ్లీ రాత్రి పదకొండు దాకా నిలబడాలి. ఇద్దరు పిల్లలున్న ఒంటరి తల్లి ఆ టైముకి ఏ బస్సు పట్టుకుని ఇంటికి చేరుతుంది?

రెండోది ఆర్‌సెటీ, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. దీని మూలం కర్ణాటకలో ఉంది. ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి 1982లో ఉజిరెలో మొదలుపెట్టిన రుడ్‌సెటీ అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ బాగా నడవడంతో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2009లో అదే పద్ధతిని అన్ని జిల్లాలకూ తీసుకెళ్లింది. జిల్లాలో ఒక బ్యాంకు బాధ్యత తీసుకుంటుంది. బస, భోజనం, శిక్షణ అన్నీ ఉచితం. 45 ఏళ్లవాళ్లని కూడా తీసుకుంటారు. పచ్చళ్లు, అప్పడాలు, మసాలా పొడుల కోర్సు పది రోజులు. ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టుకునేవాళ్లకి ఇంకో పది రోజుల కోర్సు ఉంది.

పది రోజుల్లో వంటేం వస్తుందని నేనూ అనుకున్నాను. ఆ తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, మా చెల్లికి కావలసింది వంట కాదు. ఇరవై ఏళ్లుగా వండుతోంది, దాని ఆవకాయ కోసం చుట్టాలు ఏడాదంతా ఎదురుచూస్తారు. కానీ కిలో ఆవకాయ ఎంతకి అమ్మాలని అడిగితే, మామిడికాయలు, కారం, నూనె లెక్కేసి ఆగిపోయింది. సీసా, లేబుల్, ఆటో ఖర్చు, పగిలిపోయినవి, అన్నిటికంటే ముఖ్యంగా దాని రెండు రోజుల కష్టం, ఇవేవీ లెక్కలోకి రాలేదు. ఆ ధరకి అమ్మితే అమ్మినకొద్దీ నష్టమే. ఆర్‌సెటీలో వంటతో పాటు ధర కట్టడం, లెక్క రాయడం, ఊళ్లో ఏది అమ్ముడుపోతుందో కనుక్కోవడం, బ్యాంకులో ఏం అడగాలో నేర్పుతారు. శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు వాళ్లే ఆరా తీస్తూ సాయం చేయాలన్నది అక్కడి పద్ధతి. నా దృష్టిలో ఆ రెండేళ్ల విలువ పది రోజుల పాఠం కంటే ఎక్కువ.

లోటు కూడా చెప్పాలి. ఇక్కడ చివర ఉద్యోగం రాదు, అప్పు వస్తుంది, అదీ బ్యాంకు ఒప్పుకుంటేనే. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకంలో శిశు రుణం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. అయినా అప్పు అప్పే. నెల తిరిగేసరికి జీతం పడకపోతే ఇల్లు గడవనివాళ్లకి, పాత అప్పులు మీదున్నవాళ్లకి నేను ఈ దారి చెప్పను.

అలాంటివాళ్లు 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గురించి అడిగి చూడాలి. పల్లెల్లోని పేద యువతకి పని నేర్పించి ఉద్యోగంలో పెట్టించే కేంద్ర పథకం ఇది. ఆంధ్రలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూశాయి. మూడు నెలలు, ఆపైన నడిచే కోర్సుల్లో హోటల్ పనులూ ఉన్నాయి. మామూలుగా వయసు 35 దాకానే అయినా, ఆడవాళ్లకి, వికలాంగులకి, ట్రాన్స్‌జెండర్లకి, వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి 45 దాకా సడలించారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని నెలలు 1,000 రూపాయల చొప్పున ఇవ్వడం కూడా ఇందులో ఉంది. మొదటి జీతం వచ్చేలోపు గది అద్దెకి డబ్బుల్లేక వెనక్కి వచ్చేసే పిల్లల్ని చూసినవాళ్లకి ఆ వెయ్యి విలువ తెలుస్తుంది.

ఈ మూడింటిలోనూ చోటు లేనివాళ్లు ఇంకా మిగిలారు. జైలుకి వెళ్లొచ్చినవాళ్లు, తాగుడు మానుకుని బయటపడుతున్నవాళ్లు, రోడ్డు మీద పడుకునేవాళ్లు. వాళ్లని కాగితం మీద ఎవరూ కాదనరు, అయినా వాళ్ల కోసం కట్టింది ఒక్కటీ కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1989 జనవరిలో రాబర్ట్ ఎగ్గర్ మొదలుపెట్టిన డీసీ సెంట్రల్ కిచెన్ సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే వంట శిక్షణ నడుపుతోంది. అక్కడ పాఠం కోసం వండి పారేయరు. నేర్చుకునేవాళ్ల చేతి వంట ఆకలితో ఉన్నవాళ్లకి చేరుతుంది. కత్తి పట్టడంతో పాటు కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి, పాత కేసు గురించి ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి అన్నవి కూడా శిక్షణలో భాగమే. కోర్సు పూర్తిచేసినవాళ్లలో కొందరిని ఆ సంస్థే పనిలో పెట్టుకుంటుంది. మన దగ్గర గుళ్ల అన్నదాన సత్రాల్లో రోజూ వేలమందికి వండుతున్నారు. అంత పెద్ద వంటశాలలు ఉండగా, వాటిలో పదిమందికి ఇలా నేర్పించాలని ఎవరికైనా తోస్తే ఎంత బాగుండు.

మా ఇద్దరి సంగతికొస్తే, మావాడికి హోటల్ కోర్సే మేలని చెప్పాను. వెళ్లేముందు ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి బ్యాచ్ ఎప్పుడుందో, పోయిన బ్యాచ్ పిల్లలు ఎక్కడ చేరారో అడగమన్నాను. రెండో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఇంకోచోట చూద్దామన్నాను.

చెల్లికి ఆర్‌సెటీ. సంఘం అప్పు కిందటేడే తీర్చేసింది, బర్రె పాల డబ్బుతో ఇల్లు ఎలాగో గడుస్తోంది కాబట్టే ధైర్యంగా చెప్పగలిగాను. పది రోజులు పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే దాని టెన్షన్. "నేనున్నా, నువ్వు పోయిరా" అంది పిన్ని. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ జిరాక్సులు తీసి పెట్టుకుంది, సోమవారం నల్గొండ బస్సెక్కుతుంది.