మూడేళ్ల స్మార్ట్ బోర్డు, నాలుగు ఉసిళ్ల రెక్కలు

మా స్కూల్లో స్మార్ట్ బోర్డు పెట్టి మూడేళ్లు దాటింది. బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వెళ్లే దారిలో ఉంటుంది మా స్కూలు. తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. సైజు, రేటు ఏ షాపులో అడిగినా చెబుతారు. నేను దాన్ని ఇష్టపడింది ఒక్కందుకే: నిన్నటి బోర్డు ఇవాళ దొరుకుతుంది.

నల్లబల్ల మీద ఇరవై ఏళ్లు చెప్పినవాళ్లకు ఈ సుఖం తెలుస్తుంది. లెక్క సగంలో ఉండగా గంట కొడతారు. తర్వాతి పీరియడ్ సోషల్ సారు వచ్చి, డస్టర్‌తో నా సగం లెక్క తుడిచేసి గోదావరి, కృష్ణా గీస్తారు. మర్నాడు మళ్లీ మొదటి మెట్టు నుంచి. ఇప్పుడు పేజీ వెనక్కి జరిపితే చాలు, ఆపినచోట నా వంకర గీతతో సహా అలాగే ఉంటుంది. మొదటి ఏడాది స్టాఫ్‌రూమ్‌లో నల్లబల్లలన్నీ పీకించేద్దామన్నది నేనే.

మొన్న జూన్‌లో ఒక సాయంత్రం పేరెంట్స్ మీటింగ్ జరిగింది. వాన వెలిసింది, కిటికీలు తీసే ఉన్నాయి, బోర్డు వెలుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున పదో తరగతికి సరూప త్రిభుజాలు మొదలుపెట్టాను. నేను ఎడమవైపు త్రిభుజం గీస్తుంటే కుడివైపు మూలలో దానంతటదే గీతలు పడుతున్నాయి. పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి. వెనక బెంచీ నుంచి ఒకడు కన్నడలో ‘మిస్, దెవ్వ!’ (దయ్యం) అని అరిచాడు. ఇక ఆ పీరియడ్ అయిపోయినట్టే.

కంపెనీకి ఫోన్ చేశాం. ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు, చేశాం. కాలిబ్రేషన్ (వేలు పెట్టినచోటే గీత పడేలా సరిచూడటం) అన్నారు, అదీ చేశాం. చివరికి టచ్ ఫ్రేమే, అంటే వేలి తాకిడిని పసిగట్టే చట్రమే మార్చాలన్నారు. వారంటీ అయిపోయి రెండు నెలలు. నాలుగు రోజులు పక్కనున్న నల్లబల్లే నన్ను కాపాడింది.

ఐదో రోజు గది ఊడుస్తున్న మా ఆయమ్మ (మదనపల్లె మనిషి) బోర్డు కింది అంచు చూసి, ‘ఈ ఉసిళ్ల రెక్కలు తుడిచేసేదా మేడమ్?’ అంది. నాలుగో ఐదో రెక్కలు, మూలలో ఇరుక్కుని ఉన్నాయి. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. దయ్యం వదిలింది.

తర్వాత తెలిసిందేమిటంటే, మా బోర్డు తాకిడిని అద్దంతో పసిగట్టదు. చట్రం పొడవునా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అడ్డంగా, నిలువుగా వలలా ఉంటాయి. ఏది అడ్డుపడితే అదే వేలు. రెక్క అయినా, సుద్ద పొడి అయినా దానికి ఒకటే. ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే నాలుగు రోజుల టెన్షన్ తప్పేది.

చెప్పేవాళ్లెవరు? టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. ఈ బోర్డుకి మాకు దక్కింది ఒక శనివారం మధ్యాహ్నం. వచ్చిన కుర్రాడు రంగులు మార్చడం, బాణసంచా బొమ్మ పేల్చడం చూపించి వెళ్లాడు. మిగతాదంతా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గరే నేర్చుకున్నాను, సిగ్గేం లేదు. జియోజీబ్రా అనే లెక్కల యాప్‌లో త్రిభుజం మూల పట్టుకుని లాగుతుంటే మూడు కోణాల మొత్తం 180 దగ్గరే ఉండిపోవడం చూపించొచ్చని ఒక అమ్మాయే చెప్పింది. బోర్డు లోపలి ఆండ్రాయిడ్ పాతబడి ఇప్పుడు అది సరిగా తెరుచుకోదు. లాప్‌టాప్ తగిలించుకుంటున్నాను.

నిన్నటి బోర్డు సంగతికొస్తే, పేజీలు పీడీఎఫ్‌గా పంపడం మొదలుపెట్టాక పిల్లలు నోట్సు రాయడం తగ్గించారు. ‘మిస్, ఎలాగూ పంపిస్తారుగా’ అంటారు. పరీక్షలో మెట్లు దాటేస్తున్నారు. అందుకే ఇప్పుడు రెండు రోజులాగి పంపుతున్నాను.

సుద్ద పొడి పడితే నాకు దగ్గు, కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. కాబట్టి నాకైతే ఇది కావాలి. మా కన్నడ మేడమ్‌కి అక్కర్లేదు. అక్షరం ఒంపు నల్లబల్ల మీదే పిల్లలకు అందుతుందంటారామె. మీ స్కూల్లో పెడుతుంటే పాత బల్లను మాత్రం ఉంచమనండి. మా దగ్గర మొన్న పీకించేద్దామంటే వద్దన్నాను. దాని సుద్ద పొడంతా వచ్చి పడేది నా బోర్డు చట్రంలోనే, అది వేరే గొడవ.