పాలమూరు ఎండలో పాత టీ-రెక్స్ 700 నైట్రో: ఎఫ్‌3సికి ఇంకా పనికొస్తుందా?

అలైన్ కంపెనీ చేసిన రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ టీ-రెక్స్ 700 నైట్రోలో ఫ్లైబార్ హెడ్ (రోటర్ మీద అడ్డంగా రాడ్ ఉండే తల) ఉన్న తొలి రకం ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకదు. 3డి (తలకిందులుగా, మెరుపు వేగంతో తిప్పే విన్యాసాలు) ఎగరేసేవాళ్లు దాన్ని ఎప్పుడో అటకెక్కించారు. మోడల్ హెలికాప్టర్ల విన్యాసాల పోటీ ఎఫ్‌3సికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది, చేయాల్సిన మరమ్మతు చేస్తే. ఎఫ్‌3సిలో ముందు జెండాల మధ్య హోవర్ (గాల్లో ఒకేచోట నిలవడం) విన్యాసాలు, తర్వాత గాల్లో లూపులూ రోల్సూ, చివర్లో ఆటోరొటేషన్, అంటే ఇంజిన్ బలం లేకుండా రోటర్ తిరుగుడుతోనే దిగడం. ఒక్కోదానికి జడ్జీలు పది మార్కుల నుంచి కోసుకుంటూ వస్తారు. హోవర్‌లో మిషన్ అరడుగు జారినా వాళ్ల కంట పడుతుంది. 690 మి.మీ. బ్లేడ్లతో రోటర్ వ్యాసం దాదాపు 1.56 మీటర్లు. ఇంత పెద్ద రోటర్ నెమ్మదిగా తిరుగుతూ కదలకుండా నిలబడుతుంది, చిన్న మోడళ్లకు అది చేతకాదు.

కొనేటప్పుడు క్యానపీ (ముందు తొడుగు) మెరుపు చూడొద్దు. ఒక బ్లేడ్ గ్రిప్‌ను (బ్లేడ్ మొదలును పట్టి ఉంచే భాగం) గట్టిగా పట్టుకుని రెండోదాన్ని మెలితిప్పి చూడండి. సర్వోలు (కంట్రోళ్లను కదిపే చిన్న మోటార్లు) ఆన్‌లో ఉన్నా గ్రిప్ అటూ ఇటూ కదిలితే లింకులు (సర్వో కదలికను బ్లేడ్లకు చేర్చే కడ్డీల చివర్లు) అరిగాయని అర్థం. లెక్క చూడండి: ఫెదరింగ్ షాఫ్ట్ (గ్రిప్‌లు తిరిగే ఇరుసు) నుంచి లింకు తగిలే బాల్ వరకు 20 మి.మీ. దూరం ఉంటే, లింకులో 0.2 మి.మీ. లూజు ఉన్నా బ్లేడ్ కోణంలో 0.57 డిగ్రీల తేడా వస్తుంది. హోవర్‌కు వాడే పిచ్ (బ్లేడ్ కోణం) మొత్తమే ఐదున్నర డిగ్రీలు, అందులో పదో వంతు గాలికి పోయింది. స్టిక్ ఎంత సున్నితంగా కదిపినా మిషన్ ఒక క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లో ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన తగ్గించే సెట్టింగ్) పెంచి దీన్ని కప్పిపుచ్చాలనుకోవడం దండగ. ప్లాస్టిక్ లింకులన్నీ ఒకేసారి మార్చాలి, అరిగిన బాల్స్ కూడా. స్వాష్‌ప్లేట్ (సర్వోల కదలికను తిరిగే రోటర్‌కు అందించే పళ్లెం) లోపలి రింగు, బయటి రింగు మధ్య లూజుంటే స్వాష్‌ప్లేటే మార్చాలి.

ఆ తర్వాత మూడు సర్వోల సంగతి. 120 డిగ్రీల సీసీపీఎంలో (మూడు సర్వోలు కలిసి స్వాష్‌ప్లేట్‌ను కదిపే ఏర్పాటు) ఒక్క సర్వో ఆర్మ్ సెంటర్ తప్పినా, కలెక్టివ్ (రెండు బ్లేడ్ల పిచ్ ఒకేసారి మార్చే కంట్రోల్) ఎత్తేకొద్దీ స్వాష్‌ప్లేట్ ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు నిట్టనిలువుగా పైకి లేవాల్సిన విన్యాసంలో మిషన్ ఏటవాలుగా పోతుంది. లెవెలర్ (స్వాష్‌ప్లేట్ సమంగా ఉందో చూపే పనిముట్టు) పెట్టి కలెక్టివ్ కింద, మధ్య, పైన మూడు చోట్లా చూడాలి. మధ్యలో ఒక్కచోట చూసి సరే అనుకుంటే మోసపోతారు.

ఫ్లైబారే ఈ మిషన్‌కు అసలు ప్రాణం. ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ లేనప్పుడు రోటర్‌ను నిలకడగా ఉంచేది ఆ రాడ్, దాని చివర్ల పేడల్స్ (చిన్న రెక్కలు). 3డి కోసం కొన్నవాళ్లు తేలికైన పేడల్స్ వేసి ఉంటారు. వాటితో మిషన్ చలాకీగా కదులుతుంది, జెండా దగ్గర రెండు సెకన్లు ఆగమంటే మాత్రం నిలవదు. బరువు పేడల్స్ వేయండి, లేదా రాడ్ మీద వెయిట్లు పెట్టి బయటికి జరపండి. రాడ్ రెండు వైపులా పొడవును వెర్నియర్‌తో కొలవండి, తేడా అర మిల్లీమీటరు దాటకూడదు. రెండు పేడల్స్ ఒకదానికొకటి, స్వాష్‌ప్లేట్‌కు సమాంతరంగా ఉండాలి. ఒక్కటి వంకరగా ఉన్నా బ్లేడ్ ట్రాకింగ్ (రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరగడం) ఎంత సరిచేసినా కుదరదు, ఎక్కడ తప్పుందో తెలీక మనిషి తల పట్టుకుంటాడు. ఫెదరింగ్ షాఫ్ట్‌ను అద్దం మీద దొర్లించి చూడాలి, ఇసుమంత వంకరున్నా పారేయండి. గ్రిప్‌లోని థ్రస్ట్ బేరింగ్‌లో లోపలి రంధ్రం పెద్దగా ఉన్న రింగు హబ్ (రోటర్ నడిమి భాగం) వైపు రావాలి. పాత మిషన్లలో ఇది తిరగేసి బిగించినవి బోలెడు. ఫెదరింగ్ షాఫ్ట్ చుట్టూ ఉండే డ్యాంపర్ రబ్బర్లు మెత్తబడితే హెడ్ ఆలస్యంగా స్పందిస్తుంది, మరీ గట్టివి వేస్తే తక్కువ వేగంలో మిషన్ వణుకుతుంది.

ఇక మన ఎండ. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఇక్కడి గాలి సాంద్రత, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలి కంటే దాదాపు 14 శాతం తక్కువ. అదే లిఫ్ట్ రావాలంటే అదే పిచ్‌తో రోటర్ దాదాపు 8 శాతం ఎక్కువ తిరగాలి. ఎక్కడో చల్లని దేశంలో 1400 ఆర్‌పీఎంలో హోవర్ చేసినవాడి సెట్టింగ్ ఇక్కడ 1510 అడుగుతుంది. లేదంటే పిచ్ ఆరు దాటుతుంది, ఇంజిన్ ఈడవలేక మూలుగుతుంది. ఇంజిన్‌కూ అదే పలచని గాలి కదా, దాని శక్తీ తగ్గిపోతుంది. అందుకని వేసవికి ఒక సెటప్, చలికాలానికి ఒకటి ట్రాన్స్‌మిటర్‌లో విడివిడిగా పెట్టుకోవాలి. హోవర్ 1400–1500, ఏరోబాటిక్స్ 1750–1850 మధ్య మొదలుపెట్టొచ్చు. పిచ్ హోవర్ మోడ్‌లో స్టిక్ కింద మైనస్ 3, మధ్యలో 5.5, పైన 9 డిగ్రీలు. ఆటోరొటేషన్ కోసం త్రాటిల్ హోల్డ్‌లో (ఇంజిన్ బలాన్ని రోటర్‌కు ఆపే స్విచ్) మైనస్ 4 నుంచి 11 లేదా 12 వరకు.

నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) దగ్గర చాలామంది ఇంజిన్ పాడుచేసుకుంటారు. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి చలికాలపు నీడిల్ ఎండాకాలంలో రిచ్ (గాలికి మించి ఇంధనం) అవుతుంది, ఇంజిన్ గళగళమంటుంది. అది విని ఒకేసారి అరచుట్టు బిగిస్తే ఇంజిన్ కాలిపోతుంది. రెండు క్లిక్కులు తిప్పి, ఒక ట్యాంక్ ఎగరేసి, వెనక పొగ తెల్లగా కనిపిస్తోందా చూడాలి. పొగ మాయమైతే వెంటనే దించాలి. హోవర్‌లో వేగం దానంతటదే పెరిగి తగ్గుతుంటే నీడిల్ జోలికి పోకముందు ఫ్యూయల్ పైపులు చూడండి. పాత సిలికాన్ గొట్టంలో సూదిమొన రంధ్రం చాలు, గాలి పీల్చి లీన్ (ఇంధనం తక్కువ) అవుతుంది. ఇంజిన్‌ను చల్లబరిచే ఫ్యాన్ హబ్ రనౌట్‌ను (తిరిగేటప్పుడు కనిపించే వంకర) డయల్ గేజ్‌తో 0.05 మి.మీ. లోపలికి తీసుకురాకపోతే ఆ వణుకుకు ట్యాంక్‌లో ఇంధనం నురగ కడుతుంది. వాడిన ఇంజిన్ వెనక బేరింగ్ తుప్పు పట్టి ఉంటుంది, చేత్తో తిప్పితే గరగరమని తెలిసిపోతుంది. నైట్రో ఇంధనంలోని మిథనాల్ తేమను పీల్చుకుంటుంది. కాబట్టి ఎగరేశాక ఆఫ్టర్-రన్ ఆయిల్ వేయడం మరిస్తే ఆ బేరింగ్ గతే కొత్తదానికీ.

బేరింగులు కంపెనీ ప్యాకెట్లలోనే కొనాల్సిన పనిలేదు. షీల్డ్ మీద నంబరు చదివి హైదరాబాద్‌లో బేరింగుల షాపుల్లో అడిగితే చాలు. 10×19×5 అయితే 6800, 12×21×5 అయితే 6801, ఇవి ఎక్కడైనా ఒకే కొలత. ఆటోరొటేషన్ హబ్‌లో వన్‌వే బేరింగ్‌కు (ఒక వైపే జారి, రెండో వైపు పట్టేది) మాత్రం గ్రీజు దట్టించొద్దు. గ్రీజు ఎక్కువైతే పట్టాల్సిన వైపు కూడా జారుతుంది. కడిగి, పలచని నూనె ఒక చుక్క వేస్తే చాలు. టెయిల్ గైరో (తోకను నిలకడగా ఉంచే పరికరం) పాతదైతే, అది సర్వోకు పంపే సిగ్నల్ 760, 1520 మైక్రోసెకన్ల సెట్టింగ్ ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలి, 1520 సర్వోకు 760 పెడితే సర్వో పోతుంది.

ప్రాక్టీసుకు నల్లగొండ చెలకలు బాగానే ఉంటాయి గానీ ఎర్రదుమ్ము బేరింగులకు శత్రువు. కోతలయ్యాక నేల మీద నీళ్లు చల్లి, ముగ్గుపిండితో మీటరు వ్యాసం గల వృత్తం గీసి, దాని నడిమధ్య నుంచి రెండు వైపులా ఐదేసి మీటర్లకు జెండాలు పాతండి. టార్పాలిన్ పరవడం మంచి ఆలోచన కాదు. అంచు లేచి రోటర్‌లోకి వస్తే అంతే సంగతులు. 1800 ఆర్‌పీఎంలో బ్లేడ్ చివర గంటకు 530 కి.మీ. వేగంతో పోతుంటుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారగానే గాలి దాదాపు కదలదు, హోవర్ నేర్చుకోవడానికి అదే సమయం. ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఉందో లేదో చూసుకోవాలి.

నైట్రో ఇంధనం తెప్పించుకుని భద్రంగా దాచుకోవడం ఇక్కడ పెద్ద తలనొప్పే, అది తెలిసే కొనండి. స్పేర్లలో ఫెదరింగ్ షాఫ్ట్‌లు మూడు, ఫ్లైబార్ రాడ్లు రెండు, మెయిన్ గేర్ ఒకటి, లింకుల ప్యాకెట్ ఒకటి చేతిలో లేనిదే బేరం ఆడొద్దు. బరువు పేడల్స్, రాడ్ వెయిట్లు రెండూ ఎక్కడా దొరక్కపోతే ఫ్లైబార్‌లెస్ హెడ్ (రాడ్ బదులు ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌తో నడిచేది) వేయడమే దారి. అప్పుడు కంట్రోలర్‌లో సెల్ఫ్-లెవెల్, రెస్క్యూ (మిషన్‌ను దానంతటదే నిలబెట్టేవి) రెండూ ఆపేసి, పోటీ రూల్‌బుక్‌తో సరిచూసుకున్నాకే ఎంట్రీ ఇవ్వండి.